క్వారంటైన్‌లో చేప రొప్పుతుంటే: మందు కంటే ముందు గాలి

కొత్త మెరైన్ (సముద్రపు) చేప, దాన్ని కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకులో రొప్పడం మొదలుపెట్టగానే చాలామంది చెయ్యి నేరుగా పరాన్నజీవులకు వేసే కాపర్ (రాగి) మందు సీసా మీదికి పోతుంది. దయచేసి ఆగండి. ఊపిరి అందకపోవడానికి జబ్బు ఒక్కటే కారణం కాదు. పైగా ఆ జబ్బుకు వేసే మందుల్లో కొన్ని నీళ్లలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తాయి, కొన్ని మొప్పలనే దెబ్బతీస్తాయి.

చేప కుదురుగా ఉన్నప్పుడు మొప్ప మూత 15 సెకన్లలో ఎన్నిసార్లు తెరుచుకుందో చూసి నాలుగుతో హెచ్చించి రాసుకోండి. జాతిని బట్టి అంకె మారుతుంది కాబట్టి, నిన్నటికన్నా ఈరోజు పెరిగిందా తగ్గిందా అన్నదే ముఖ్యం. చేప ఎక్కడుందో కూడా గమనించండి. అన్ని చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ కొరతో, చేప వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా విషమో అనుకోవాలి. ఒక్క చేప పంపు ధారకు ఎదురుగా అతుక్కుపోయి ఉంటే వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బును అనుమానించాలి. ఒక పక్క మొప్ప మూసుకుని, ఒంటిని పైపుకు రుద్దుకుంటుంటే ఫ్లూక్స్ (మొప్పలకు, ఒంటికి పట్టే చిన్న చదును పురుగులు) కావచ్చు.

మన వరంగల్ ఎండల్లో మొదట చూడాల్సింది థర్మామీటర్. 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీళ్లు లీటరుకు 6.7 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటాయి, 32 డిగ్రీలకు అది 6కి దిగుతుంది. అదే వేడికి చేప అవసరం పెరుగుతుంది. మే నెలలో స్లాబు కింది గదిలో మధ్యాహ్నం కరెంటు పోతే ఆ కాస్త తేడానే ప్రాణం మీదికి తెస్తుంది. ఎయిర్ పంపుకు పట్టే కరెంటు చాలా తక్కువ, దాన్ని తప్పకుండా ఇన్వర్టర్ లైనుకు కలపండి. నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే పొడి ఎండకాలంలో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, వానాకాలం ముసుర్లలో ఆ లాభం అంతగా ఉండదు. ఆవిరైన మేరకు ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి అద్దం మీద మార్కర్ గీత పెట్టి, ఆ గీత వరకు ఆర్‌ఓ నీళ్లే పోయండి. వంటింటి ఆర్‌ఓలో టీడీఎస్ కంట్రోలర్ ఉంటే అది పచ్చి బోరు నీళ్లను కొంత కలుపుతుంది, దాన్ని పూర్తిగా మూసేయాలి.

నీళ్ల పైన జిడ్డు పొర కడితే బుడగలు ఎన్ని వచ్చినా గాలి మార్పిడి సరిగా జరగదు. ఎయిర్‌స్టోన్‌ను (గాలిని బుడగలుగా వదిలే రాయిని) పైకి జరిపి ఉపరితలం బాగా కదిలేలా చూడండి. పంపు ఏ గది గాలి పీలుస్తోందో కూడా చూసుకోండి. దోమల కాయిల్ పొగ, కొత్త రంగుల వాసన అన్నీ అదే ట్యూబులోంచి చేప దగ్గరికి పోతాయి.

తర్వాత అమ్మోనియా. చెన్నై నుంచి రైల్లో కాజీపేటకో, హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో హన్మకొండకో వచ్చిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోయి ఉంటుంది. అప్పటిదాకా అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, పీహెచ్ ఒక పాయింటు పెరిగితే విషపు అమ్మోనియా దాదాపు పది రెట్లవుతుంది. అందుకే సంచి విప్పి గంటలకొద్దీ ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా అందులో వేస్తూ కూర్చోవద్దు. ట్యాంకు నీళ్ల ఉప్పదనాన్నే ముందుగా సంచి నీళ్లకు సరిపెట్టి, రెండింటి వేడి సమానమయ్యాక చేపను వెంటనే మార్చేయాలి. ట్యాంకులో అమ్మోనియా కనబడితే అదే ఉప్పు, అదే వేడి ఉన్న నీళ్లతో సగం మార్చండి. కాపర్ వేసిన ట్యాంకులో అమ్మోనియా కండిషనర్ (అమ్మోనియా విషాన్ని తగ్గించే ద్రావణం) పోయకూడదు, వాటిలో కొన్ని కాపర్‌ను మరింత విషంగా మారుస్తాయి.

ఇవన్నీ సరిగా ఉన్నా రొప్పడం తగ్గకపోతే మంచినీళ్ల ముంపు (చేపను కాసేపు ఉప్పులేని నీళ్లలో ఉంచడం) చేయండి. ముదురు రంగు బకెట్లో ఆర్‌ఓ నీళ్లు పట్టి, ట్యాంకు వేడికి తెచ్చి, వంటసోడాతో పీహెచ్‌ను ట్యాంకుకు సమానం చేసి, గంటసేపు గాలి కొట్టించండి. ఆ గాలి ఆడుతుండగానే చేపను ఐదు నిమిషాలు ఉంచండి, మధ్యలో ఒక పక్కకు ఒరిగి స్పందన లేకుంటే వెంటనే తీసేయండి. అడుగున నువ్వుగింజల్లాంటి తెల్లటి పలుకులు రాలితే ఫ్లూక్సే. అప్పుడు ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, అంటే 100 లీటర్లకు 250 మిల్లీగ్రాములు. గుడ్లను అది చంపదు కాబట్టి వారం లోపు రెండో మోతాదు వేయాలి. మందు వేశాక నీళ్లు మసకబారితే బ్యాక్టీరియా పెరిగి ఆక్సిజన్ తింటోందన్నమాట, ఇంకో ఎయిర్‌స్టోన్ వేయండి.

ఏమీ రాలకుండా, టార్చి వెలుగును పక్కనుంచి వేస్తే ఒంటి మీద సన్నటి పసుపు దుమ్ములా కనిపిస్తే వెల్వెట్. కొన్నిసార్లు మొప్పల్లోనే ఉండి పైకి ఏమీ కనబడదు. చీలేటెడ్ కాపర్ (నీళ్లలో నిలిచి ఉండేలా బంధించిన కాపర్) అయితే 2.25 నుంచి 2.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), 30 రోజులు, ప్రతి రెండు రోజులకూ కొలిచి చూడాలి. కాపర్ మొప్పకు అంటుకున్న పరాన్నజీవిని చంపదు, అది విడిపోయి నీళ్లలో ఈదే దశలోనే చంపుతుంది. కాబట్టి మర్నాటికే కుదుటపడలేదని మోతాదు పెంచకండి. పగడపు రాళ్లు, ఇసుక, యాక్టివేటెడ్ కార్బన్ కాపర్‌ను పీల్చేస్తాయి, ట్యాంకులో పీవీసీ పైపు ముక్కలు తప్ప ఇంకేమీ వద్దు.

క్లౌన్ చేపల ఒంటి నిండా జిగురు ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవికి ఫార్మాలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) వాడతారు. ప్రతి 5 పీపీఎం ఫార్మాలిన్ సుమారు 1 పీపీఎం ఆక్సిజన్‌ను లాగేస్తుంది, 27 డిగ్రీలు దాటిన నీళ్లలో దాన్ని ముట్టుకోవద్దు. సీసా అడుగున తెల్లటి గసి కడితే ఆ సీసా ఇక వాడకండి.