డుబ్రోవ్నిక్ పెంకులు

గత డిసెంబరులో హైదరాబాదు వెళ్ళినప్పుడు మా అమ్మాయి గోల్కొండ కోట ఎక్కనని మొండికేసింది. కొండ మీది బాలా హిస్సార్ దాకా సుమారు 360 మెట్లున్నాయని వినగానే నీడ చూసుకుని కూర్చుని, "ఇలాంటి కోటలు గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో బోలెడు చూశానమ్మా, నువ్వు వెళ్ళి రా" అంది. పదహారేళ్ళ పిల్లను రెక్క పట్టుకుని లాక్కుపోలేను కదా. ఒక్కదాన్నే ఎక్కి దిగాను కానీ, ఆ మాట మాత్రం ఏడాదంతా మనసులో ముల్లులా ఉండిపోయింది.

అదే పిల్ల ఈ శరత్కాలపు సెలవులకు డుబ్రోవ్నిక్ వెళ్దామని అడిగింది. ఆ ధారావాహికలో రాజధానిగా చూపింది క్రొయేషియా తీరంలోని ఆ పాత నగరాన్నే. మన కోటను కాదన్న పిల్లను ఆ కోటకు ఎందుకు తీసుకెళ్ళాలని రెండు వారాలు బెట్టు చేసి, ఇంకో రెండేళ్ళు పోతే మాతో ప్రయాణాలకు వస్తుందో రాదోనన్న బెంగతో ఒప్పుకున్నాను.

వెళ్ళాక కూడా నా పంతం తగ్గలేదు. జెసూట్లనే క్రైస్తవ సన్యాసుల పేరున్న మెట్ల మీద అది ఫొటో తీసుకుంటుంటే, వాటిని 18వ శతాబ్దంలో చర్చి కోసం కట్టారని చెప్పాను. సముద్రపు బండ మీది లోవ్రియెనాట్స్ కోటను చూసి అది సీరియల్లోని పేరు చెప్పబోతుంటే ఆపి, ద్వారం మీది లాటిన్ శాసనం చూపించాను. లోకంలోని బంగారమంతా ఇచ్చినా స్వేచ్ఛను అమ్ముకోవడం తగదని దాని భావం. ఆ శాసనం చెక్కుకున్న, అప్పట్లో రగూసా అనే పేరున్న ఈ నగర గణరాజ్యమే ఒట్టోమన్ సుల్తానుకు ఏటా 12,500 డుకాట్ల (బంగారు నాణేల) కప్పం కట్టి, 1808లో నెపోలియన్ సేనాని రద్దు చేసేదాకా తన పాలన తాను నిలుపుకుంది. నేను చెప్పినవన్నీ నిజాలే. కానీ వాటిని దాని ఇష్టాన్ని ఓడించడానికే వాడానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

దాదాపు రెండు కిలోమీటర్ల ప్రాకారం మీద నడుస్తున్నప్పుడు అది ఆగి, "కొన్ని ఇళ్ళ పెంకులు అంత ఎర్రగా, కొన్ని అలా వెలిసిపోయి ఎందుకున్నాయి?" అని అడిగింది. దగ్గరగా చూస్తే ఒకే కప్పు మీద రెండు రంగులున్నాయి. పాతవి గోధుమ, పసుపు కలిసినట్టు, అంచులు అరిగి, నాచు పట్టి ఉన్నాయి. కొత్తవి ఇప్పుడే ఆవంలోంచి తీసినట్టున్నాయి. ఈసారి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కిందికి దిగాక పిలె ద్వారం దగ్గర గోడకున్న పటం మాకు సమాధానం చెప్పింది. 1991, 1992 సంవత్సరాల్లో యుగోస్లావ్ సైన్యం కురిపించిన ఫిరంగి గుండ్లకు పాత నగరంలోని 824 కట్టడాల్లో 563 దెబ్బతిన్నాయి, తొమ్మిది పూర్తిగా కాలిపోయాయి. ఆ ఎర్రటి పెంకులు అప్పుడు పగిలినవాటి చోట వేసినవి. స్పాంజా భవనంలో, ఆ పోరులో చనిపోయిన రక్షకుల ఫొటోలున్న గదిలో అది చాలాసేపు నిలబడింది. వాళ్ళలో చాలామంది కుర్రవాళ్ళు. "సీరియల్లో ఈ ఊరిని డ్రాగన్ కాల్చేస్తుందమ్మా. నిజంగానే కాలిందని నాకు తెలియదు" అంది. తెలియనిది దానికి ఒక్కదానికే కాదు.

ఆ రాత్రి అమ్మాయే గోల్కొండ సంగతి ఎత్తింది. 1636లోనే మొగలులకు కప్పం కట్టడానికి ఒప్పుకున్నా, 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాళ్ళే రాత్రిపూట తలుపు తీయడంతో కోట పడిపోయిందనీ, అప్పుడు పట్టుబడిన తానీషాయే భద్రాచల రామదాసును చెరలో పెట్టించాడని చెప్పుకునే రాజనీ చెప్పాను. "ఇదంతా అక్కడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. అక్కడ నేను చెప్పింది బాలా హిస్సార్ దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైకి వినిపిస్తాయన్న మాటా, ఇది మన కోట అన్న మాటా మాత్రమే. నిజానికి నేను ఆ కోటను ప్రేమించింది కూడా చిన్నప్పుడు చూసిన ఒక రామదాసు సినిమా వల్లే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ చెరసాల చీకట్లో వెతుక్కున్నది తెర మీద చూసిన వెలుగునే. నాకు దారి చూపిన తెరను దానికి అడ్డుగోడ అనుకోవడం న్యాయమో కాదో నాకింకా తేలలేదు.

"గోల్కొండకు మళ్ళీ కప్పులు ఎవరూ ఎందుకు వేయలేదు?" అంది పడుకోబోతూ. ఉండేవాళ్ళు వెళ్ళిపోయారన్నాను. "మనలాగా" అంది. దాని గొంతులో నిష్ఠూరం లేదు, అయినా నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

పైగా నేను చెప్పింది తప్పు. పైనున్న మహళ్ళు పాడుబడ్డాయి గానీ, కోట బయటి ద్వారమైన ఫతే దర్వాజా లోపల ఈనాటికీ ఇళ్ళున్నాయి, దుకాణాలున్నాయి, పిల్లలు బడికి వెళ్తారు. పొద్దున్నే ఆ మాట చెబితే, ఈ డిసెంబరులో ఆ వీధులు చూపించమంది. పదిసార్లు గోల్కొండ వెళ్ళిన నాకు టికెట్ల దగ్గర నుంచి బాలా హిస్సార్‌కు వెళ్ళే దారి ఒక్కటే తెలుసు.