నానమ్మ బేరం

సింగపూర్‌లో తెలుగువాళ్ళం శని, ఆదివారాలు వచ్చాయంటే సెరంగూన్ రోడ్డు మీదే తేలతాం. కరివేపాకు, గోంగూర, దోసెలు అన్నీ అక్కడే. పిల్లలకి ఊరంటే అదేనన్నట్టు తయారవుతుంది. అందుకే మా అత్తగారు చీరాల నుంచి వచ్చినప్పుడు, చైనా కొత్త సంవత్సరం ముందు, అందర్నీ చైనాటౌన్‌కి బయల్దేరదీశాను.

పగోడా వీధి జనంతో కిటకిటలాడుతోంది. ఎర్ర లాంతర్లు, జంటలుగా ఇచ్చిపుచ్చుకునే కమలాలు, బొగ్గుల మీద కాలుతున్న పంది మాంసపు పల్చటి రేకులు. ఆ వీధికి పేరు తెచ్చిన పగోడా మన మారియమ్మ గుడి గోపురమే. 1827 నాటి గుడి. అత్తగారు ఆ సందడిలోనే చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు.

అసలు కథ ఎండు సరుకుల కొట్టు దగ్గర. పెట్టెల నిండా సైజుల వారీగా ఎండు రొయ్యలు. మావాడు ముక్కు మూసుకుని "స్మెల్లీ!" అన్నాడు.

"నోర్ముయ్యరా. నిన్న వంకాయ కూర లొట్టలేసుకుంటూ తిన్నావుగా, అందులో వేసిందేమిటనుకున్నావు?"

వాడు గతుక్కుమన్నాడు. అత్తగారు ఒక రొయ్యని వేళ్ళ మధ్య విరిచి, వాసన చూసి, చెమ్మ ఉందని పెదవి విరిచారు. కొట్టు పెద్దావిడ ఇంకో పెట్టె ముందుకు జరిపింది. ఈవిడ తెలుగు, ఆవిడ చైనీసు. మధ్యలో వేళ్ళ లెక్క. చివర్లో అత్తగారు చెయ్యి చాపి "కొసరెయ్యమ్మా" అంటే, ఆవిడ నవ్వుతూ గుప్పెడు వేసింది! మావాడి నోరు తెరుచుకునే ఉంది.

ఇక్కడి బడుల్లో మాతృభాషగా తెలుగు లేదు. తమిళం, లేదంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి తీసుకోవాలి. మావాడిది హిందీ. ఆదివారం తెలుగు క్లాసులో అక్షరాలు దిద్దిస్తున్నారు, కాదనను. కానీ విసుర్లు, బేరాలు, పెద్దవాళ్ళ నోటి దురుసు ఆ పుస్తకాల్లో ఎక్కడుంటాయి? నన్నడిగితే నానమ్మతో సంత కెళ్ళడమే మేలైన పాఠం, ఆ సంత ఎవరిదైనా సరే.

తిరుగు ప్రయాణంలో ఎంఆర్‌టీ రైల్లో ఘాటు వాసన కొట్టే డూరియన్ పళ్ళకి నిషేధం ఉంది గానీ ఎండు రొయ్యలకి లేదు. పక్కసీటాయన లేచి వెళ్ళి దూరంగా నిలబడ్డాడు. మావాడు సంచీని మెల్లగా నానమ్మ కాళ్ళ దగ్గరికి నెట్టి, తనకేమీ తెలియనట్టు కిటికీ వైపు తిరిగాడు.