హ్యాండిల్ ఎవరి జేబులో ఉంది

పోయిన గురువారం సెకండియర్ పిల్లలకు న్యూక్లియర్ ఫిషన్, అంటే అణుకేంద్రకం పగలడం, చెప్తూ బోర్డు మీద ఒక లెక్క చేశాను. ఏటా చేసే లెక్కే. హిరోషిమా మీద వేసిన బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నుల టీఎన్‌టీ పేలుడు మందుకు సమానం, అంటే దాదాపు 63 లక్షల కోట్ల జౌళ్లు, దాన్ని కాంతివేగం వర్గంతో భాగిస్తే ఎంత పదార్థం శక్తిగా మారిందో తెలుస్తుంది. 0.7 గ్రాములు. బాంబులో 64 కిలోల యురేనియం ఉంటే నిజంగా పగిలింది కిలో కూడా లేదు, శక్తిగా మారింది గ్రాము కూడా లేదు. ఇక్కడికి వచ్చేసరికి క్లాసంతా "అబ్బో" అంటుంది. ఆ "అబ్బో" కోసమే ఆ లెక్క చేస్తానేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈసారి మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, ఇది చేసినోళ్లకు ఇంతమంది సచ్చిపోతరని ముందు తెల్వదా సార్?" అని అడిగింది. నేను "తెలుసమ్మా, కానీ అది హిస్టరీ, ఎగ్జామ్‌కి రాదు, నెక్స్ట్ ప్రాబ్లం రాసుకోండి" అన్నాను. కూర్చుంది గానీ రాసుకోలేదు, పెన్నుకు క్యాప్ పెట్టేసింది. హన్మకొండ నుంచి కాజీపేటకు బండి మీద వస్తుంటే సుబేదారి దాటి ఫాతిమానగర్ వచ్చేదాకా ఆ క్యాప్ పెట్టడమే కళ్ల ముందు ఉంది. పద్నాలుగేళ్లుగా ఫిజిక్స్ చెప్తున్న మనిషిని, ఆ ప్రశ్నకు నా దగ్గర ఉండాల్సిన జవాబు అదా?

తెలుసు. వాళ్లకు తెలుసు. అందరికీ కాదు. అమెరికా బాంబు ప్రాజెక్టు కోసం ఓక్ రిడ్జ్ అనే ఊళ్లో యురేనియం వేరుచేసే యంత్రాల ముందు కూర్చొని, సూది పక్కకు పోకుండా నాబ్ తిప్పిన వేలమంది అమ్మాయిలకు తాము ఏం తయారుచేస్తున్నారో ఎవరూ చెప్పలేదు. వాళ్లను నేనేమీ అనను. కానీ బాంబు డిజైన్ చేసిన లాస్ అలమోస్ ల్యాబ్‌లో ఉన్న ఫిజిసిస్టులకు మొదటి రోజు నుంచీ తెలుసు. వాళ్లు మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది, ఆ కారణం చిన్నదేమీ కాదు: హిట్లర్ చేతికి ముందు వస్తే ఎట్లా? యూరప్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చిన వాళ్లకు ఆ భయం పుస్తకాల్లో చదివింది కాదు. ఆ రోజుల్లో, ఆ స్థితిలో నేనున్నా మొదలుపెట్టేవాణ్నేమో. అందుకే నాకు కోపం మొదలుపెట్టినందుకు కాదు, ఆ కారణం పోయాక కూడా ఆగనందుకు.

జోసెఫ్ రాట్‌బ్లాట్ అని పోలాండ్ మనిషి. 1939లో లివర్‌పూల్‌కి పరిశోధన కోసం వచ్చాడు, భార్య టోలా వార్సాలో చిక్కుకుపోయింది, మళ్లీ కనపడలేదు, నాజీల చేతుల్లో చనిపోయింది. హిట్లర్ మీద అతనికున్నంత కసి ఇంకెవరికి ఉంటుంది? అయినా 1944 చివర్లో, జర్మనీ బాంబు ప్రయత్నాలు వదిలేసిందని తెలియగానే, ఇక నాకు ఇక్కడ పని లేదని బయటికి వచ్చేశాడు. నైతిక కారణంతో ఆ ప్రాజెక్టు వదిలిన శాస్త్రవేత్త అంటే అందరూ చెప్పేది ఆయన ఒక్కడి పేరే. వెళ్లే ముందు ఆయనకు ఒక షరతు పెట్టారు, ఎందుకు వెళ్తున్నావో తోటివాళ్లకు చెప్పకూడదని. ఆయన ఒప్పుకున్నాడు. భార్య కోసం దిగులుగా ఉంది, యూరప్‌కి దగ్గరగా ఉండాలి అని చెప్పి వెళ్లిపోయాడు.

నేను చాలాసేపు ఆగిపోయింది ఇక్కడే. వెళ్లడం గొప్పే, కానీ ఎందుకు వెళ్తున్నాడో గట్టిగా చెప్పి వెళ్లి ఉంటే ఇంకో పదిమంది ఆలోచించేవాళ్లేమో. రాబర్ట్ విల్సన్ అని అక్కడే ఒక పెద్ద విభాగం నడిపిన యువ ఫిజిసిస్టు, 1945 మేలో జర్మనీ లొంగిపోయాక కూడా పని వదిలేయాలన్న ఆలోచనే తనకు ఎందుకు రాలేదా అని తర్వాత బాధపడ్డాడు. అతనేమీ రాయి కాదు. ఈ బాంబు వల్ల లోకం ఏమవుతుందో మాట్లాడుకుందాం రండి అని లాస్ అలమోస్‌లో మీటింగ్ పెట్టిన మనిషే. అటువంటి వాడికే ఆ ఆలోచన రాలేదు. పని దగ్గరపడింది, రేపో ఎల్లుండో టెస్టు, చేతిలో ఉన్న లెక్క తేలితే చాలు అన్న ఊపులో ఎందుకు మొదలుపెట్టామన్నది ఎవరికి గుర్తుంటుంది?

మా బాపు భూపాలపల్లి బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. బొగ్గుకు రంధ్రాలు వేసి, మందు కూరి, డిటోనేటర్ తీగలు కలిపి పేల్చే పని. పేల్చే మెషిన్‌కి ఒక హ్యాండిల్ ఉంటుంది, పిడికిట్లో పట్టేంత ఇనుప ముక్క, అది పెట్టి తిప్పితేనే కరెంటు పోతుంది. ఆ హ్యాండిల్ షాట్‌ఫైరర్ జేబులోనే ఉండాలి, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, అది రూలు. బాపు డ్యూటీ ప్యాంటు కుడి జేబు దాని బరువుకు చిరిగిపోతే అమ్మ మందపాటి దారంతో రెండు వరసలు కుట్టింది, ఆ కుట్టు నాకు ఇప్పటికీ గుర్తు. పేల్చే ముందు దారులన్నింటి దగ్గర మనుషులను నిలబెట్టి, లోపల ఎంతమంది, బయటికి ఎంతమంది వచ్చారు అని తలలు లెక్కపెట్టి, గట్టిగా అరిచి చెప్పి, అప్పుడు హ్యాండిల్ తీసేవాడు. ఒకసారి లెక్కలో ఒక మనిషి తక్కువయ్యాడట, అరగంట ఆగాడు. ఆ మనిషి నీళ్లు తాగడానికి వేరే వైపు పోయాడు, అంతే. "ఆగితే ఏం పోయింది బిడ్డా, బొగ్గు ఏడికన్నా ఉర్కుతదా?" అంటాడు బాపు.

బాపు చదివింది ఏడో తరగతి. 1945 జూన్ 16న బాంబు ఎట్లా వాడాలో ప్రభుత్వానికి రిపోర్టు రాసిన నలుగురు ఫిజిసిస్టులు మాత్రం కాంప్టన్, లారెన్స్, ఫెర్మి, ఓపెన్‌హైమర్. ముగ్గురికి అప్పటికే నోబెల్ ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే షికాగోలో అదే ప్రాజెక్టులో ఉన్న జేమ్స్ ఫ్రాంక్, ఇంకో ఆరుగురు శాస్త్రవేత్తలు కలిసి, ఊరి మీద వేయకండి, ముందు ఎడారిలోనో ఎవరూ లేని దీవిలోనో పేల్చి ప్రపంచానికి చూపించండి అని రాసి పంపారు. దానికి ఈ నలుగురు ఇచ్చిన జవాబు ఏమంటే, యుద్ధం ఆగేలా చేసే ప్రదర్శన ఏదీ మాకు తోచడం లేదు, నేరుగా వాడటం తప్ప మాకు ఒప్పదగిన దారి కనపడటం లేదు అని. అదే కాగితంలో కింద ఇంకో మాట రాశారు: రాజకీయ, సామాజిక, సైనిక సమస్యలు తేల్చే ప్రత్యేక అర్హత శాస్త్రవేత్తలుగా మాకు లేదు అని. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వేయండి అని చెప్పడానికి అర్హత ఉంది, ఆ మాటకు బాధ్యులుగా నిలబడే దగ్గర మాత్రం మేం ఉత్త సైంటిస్టులం. హ్యాండిల్ ఇంకొకరికి ఇచ్చేసి, నా చేతిలో ఏముంది చూడండి అన్నట్టు.

లియో జిలార్డ్ అనే ఫిజిసిస్టు ఊరుకోలేదు. ఒక అణుచర్య ఇంకోదాన్ని రగిలించే చైన్ రియాక్షన్ ఆలోచన 1933లో మొదట తట్టింది ఆయనకే, 1939లో బాంబు సంగతి హెచ్చరిస్తూ ఐన్‌స్టీన్ సంతకంతో అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం పంపించిందీ ఆయనే. జపాన్‌కు లొంగిపోయే అవకాశం ఇవ్వకుండా బాంబు వాడొద్దని 1945 జూలై 17న కొత్త అధ్యక్షుడు ట్రూమన్ పేరు మీద పిటిషన్ రాశాడు, ఆయనతో కలిపి 70 మంది సంతకాలు పెట్టారు. లాస్ అలమోస్‌లో ఆ కాగితం చేతులు మారకుండా ఓపెన్‌హైమర్ ఆపేశాడు. సంతకాలు పెట్టిన పిటిషన్ పై అధికారుల బల్లల మీద తిరిగి తిరిగి ట్రూమన్ దాకా చేరనే లేదు. ఆగస్టు 6 పొద్దున 8:15కి హిరోషిమా. ఆ ఏడాది ముగిసేలోపు ఆ ఒక్క ఊళ్లోనే సుమారు 1,40,000 మంది పోయారు. మూడు రోజులకు నాగసాకి.

"వాళ్లు చేయకపోతే ఇంకొకరు చేసేవాళ్లు కదా" అని మా స్టాఫ్ రూంలో ఒక సార్ అన్నారు. కావచ్చు. నేను లంచం తీసుకోకపోతే పక్క సీటు వాడు తీసుకుంటాడు అనే మాట కూడా ఇట్లాగే ఉంటుంది, ఆ మాట విని మనం ఎవరినీ వదిలేయం కదా.

మన దగ్గరి సంగతి మాట్లాడకుండా దాటేస్తే అది నిజాయితీ కాదు. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిగినప్పుడు నేను చిన్నవాణ్ని, మా వాడకట్టులో లడ్డూలు పంచితే రెండు తిన్నాను, ఎగిరాను. అదే నెల 28న పాకిస్తాన్ కూడా పేల్చింది, ఆ రోజు మాత్రం ఎవరూ ఏమీ పంచలేదు. ముందుగా మేం వాడం అని మన దేశం చెప్పిన మాట మీద నాకు గౌరవం ఉంది. మన సైంటిస్టులను పాపాత్ములని అనడం లేదు. అడగాల్సిన ప్రశ్న వాళ్లకూ అదే అంటున్నాను, అంతే. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఇప్పుడు రక్షణ రంగంలో పని చేస్తున్నాడు, దసరాకు వచ్చినప్పుడు "సార్, నాకు ఒక చిన్న సర్క్యూట్ ఇస్తారు, అది ఎందులో కూర్చుంటదో నాకు తెల్వది, అడిగేది కూడా ఉండదు" అన్నాడు. మంచి పిల్లాడు. ఏం చెప్పాలో తోచక టీ తాగించి పంపాను. ఇప్పుడైతే చెప్తాను: అడుగు. జవాబు రాకపోయినా అడిగినట్టు నీకన్నా తెలుస్తది.

నిన్న రాత్రి ఇదంతా బాపుకు చెప్పాను. రాట్‌బ్లాట్ గురించి, 70 సంతకాల గురించి. అంతా విని, "మరి హ్యాండిల్ ఎవని జేబుల ఉండె?" అని అడిగాడు. మిలిటరీ వాళ్లకు ఇచ్చేశారు బాపూ అన్నాను. "ఎట్లిస్తరు? మందు కూరింది వీళ్లే గదా," అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు.

రేపు నాలుగో పీరియడ్ ఆ సెక్షన్‌కే. ముందు ఆ అమ్మాయికి సారీ చెప్పాలి. తర్వాత బోర్డు మీద జూన్ 16 అని రాసి, అక్కణ్నుంచి మొదలుపెడతాను.