4 కోట్ల అంకెల ప్రధాన సంఖ్య: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చిందంటే

2కి 13,62,79,841 ఘాతం వేసి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యతో కొన్నాళ్లుగా కాలక్షేపం చేస్తున్నా. గింప్స్ అనే, ఇలాంటి సంఖ్యల్ని వలంటీర్లు వాళ్ల కంప్యూటర్లతో వెతికే ప్రాజెక్టులో ల్యూక్ డ్యూరాంట్ 2024 అక్టోబరులో పట్టుకున్నది ఇది; తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో (2 ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యలు) 52వది. నా దగ్గరున్నవి మామూలు లాప్‌టాప్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, అంతే.

అంకెలెన్నో తెలియడానికి సంఖ్యంతా కట్టక్కర్లేదు. ఘాతాన్ని లాగ్ 2 (ఆధారం 10)తో గుణిస్తే 4,10,24,319.9453 వస్తుంది, అంటే 4,10,24,320 అంకెలు, ఆ దశాంశ భాగానికి యాంటీలాగ్ చూస్తే 8.8169, కాబట్టి సంఖ్య 88169తో మొదలవుతుంది. లాగ్ విలువ మాత్రం పదిహేను దశాంశ స్థానాల దాకా తీసుకోండి, ఇంటర్ పట్టికలోని 0.3010 వాడితే నాలుగు వేల అంకెలు తక్కువొస్తాయి! చివరి అంకెలు ఇంకా తేలిక: పైథాన్‌లో ఘాతం లెక్కించే పవ్ ఫంక్షన్‌కి 2, ఘాతం ఇచ్చాక మూడో విలువగా 10^12 ఇచ్చి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీస్తే 219486871551, రెప్పపాటులో.

మొత్తం సంఖ్య బైనరీలో వరుసగా ఒకట్లే కాబట్టి మెమరీలో సుమారు 17 ఎంబీయే. దాన్నే అంకెలుగా ఫైల్లో రాస్తే 41 ఎంబీ. కొత్త పైథాన్ 4300 అంకెలు దాటితే ఎర్రర్ ఇస్తుంది, ఆ పరిమితి తీసేయాలి, పెద్ద సంఖ్యల కోసం ఉన్న జీఎంపీవై2 లైబ్రరీ పెట్టుకుంటే ఇంకా నయం. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవకండి, దండగ.

అసలు మజా, మెర్సెన్ సంఖ్య ప్రధానమా కాదా తేల్చే లూకాస్-లెమర్ పరీక్షలో ఉంది. 4తో మొదలెట్టి, వర్గం చేసి 2 తీసి, మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి, ఇలా ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు. ఘాతం 7 అయితే సంఖ్య 127: 4, 14, 67, 42, 111, 0. సున్నా వచ్చింది, ప్రధాన సంఖ్యే. కాగితం మీద ఒకసారి చేసి చూడండి, ఆ 111ని వర్గం చేసి 2 తీస్తే వచ్చే 12319 సరిగ్గా 127×97 అవడం భలే ఉంటుంది. కోడ్‌లో భాగహారం అక్కర్లేదు, పై బిట్లని కిందికి జరిపి కలిపేస్తే చాలు. ఇలియనాయ్‌లో 1963లో దొరికిన 11213 ఘాతం నా లాప్‌టాప్‌కి ఒక లెక్కే కాదు.

సున్నా రాకపోతే ప్రధాన సంఖ్య కాదని తెలుస్తుంది గానీ, కారణాంకం ఏంటో తెలియదు. ఘాతం 67 విషయంలో 1876లో గణితవేత్త లూకాస్ ఆ ముక్క తేల్చినా, కారణాంకాలు 1903లో కోల్ అనే మరో గణితవేత్త చెప్పేదాకా బయటపడలేదు: 193707721 × 761838257287. ప్రతి కారణాంకమూ ఘాతానికి రెట్టింపు గుణిజం కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి, 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు జల్లెడలూ పెట్టి వెతికితే మొదటి కారణాంకం ఇట్టే దొరికింది.

పెద్దదాన్ని పూర్తిగా పరీక్షించడం ఇక్కడ కుదిరే పని కాదు. ఒక్కో వర్గానికి సెకను పట్టినా నాలుగేళ్లు దాటుతుంది. డ్యూరాంట్‌కి డబ్లిన్‌లోని ఒక జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ఇది ప్రధాన సంఖ్యే కావచ్చని ముందు సూచన ఇచ్చింది, శాన్ ఆంటోనియోలో ఇంకోటి లూకాస్-లెమర్‌తో ఖాయం చేసింది. నేను ప్రస్తుతం 44497 ఘాతం మీద ఉన్నా, తర్వాత 86243.