డ్రిల్ చక్‌ని పక్కన పెట్టాక: ఆవిరి ఇంజన్ పని, ఐదో నెల

బెంగళూరు దాసరహళ్ళిలో ఇంటి కింద, కారు పెట్టుకోవాల్సిన చోట నా బెంచ్ మిల్లు (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే యంత్రం), చిన్న లేత్ (ముక్కనే తిప్పి కోసేది) ఉన్నాయి. కారు వీధిలో ఎండకు ఎండుతోంది. చేస్తున్నది ఊగే సిలిండర్ ఉన్న బుల్లి ఆవిరి ఇంజన్. బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) 12 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 20. ఇందులో వాల్వులుండవు. సిలిండర్ బ్లాక్ అటూ ఇటూ ఊగినప్పుడు దాని పక్క ముఖంలోని రంధ్రం, స్టాండులోని రంధ్రాలకు ఎదురొచ్చి ఆవిరిని లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి పంపుతుంది. ఆ ముఖం బోరుకి సమాంతరంగా లేకపోతే ఆవిరంతా సందులోంచే పోతుంది.

పోయిన నెల రెండు బ్లాకులు పాడుచేశాను.

మొదటిది అచ్చంగా నా బద్ధకం. ఎండ్ మిల్‌ని (మిల్లులో గాడులు తీసే కట్టర్) డ్రిల్ బిట్లు పట్టే డ్రిల్ చక్‌లోనే బిగించి, అల్యూమినియంలో 3 మి.మీ. లోతు గాడి తీయడం మొదలుపెట్టాను. మొదట్లో బాగానే ఉంది. సగం దూరం పోయాక శబ్దం మారింది, మిల్లు మూలిగినట్టు. ఆపి కొలిస్తే ఒక చివర 3, రెండో చివర 4.2. జడ్ తాళం (మిల్లు తల పైకీ కిందికీ కదలకుండా ఆపేది) బిగించే ఉంది. కదిలింది కట్టరే, చక్‌లోంచి కిందికి జారింది.

మా వీధి చివర, పీణ్య ఫ్యాక్టరీల్లో టర్నర్‌గా (లేత్ పనివాడిగా) చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, మదనపల్లె వైపు మనిషి. ఆ ముక్క చూపిస్తే మాట్లాడకుండా వేలితో గాడి అడుగు తడిమారు.

"దీన్ని దేంట్లో కట్టినావు నాయనా?"

"డ్రిల్ చక్‌లోనే సార్."

"అది పైనుంచి నొక్కే పనికి. పక్కనుంచి తోస్తే యాడ నిలబడతాది?"

ఆయన చెప్పిన కారణం ఇది. డ్రిల్ చక్ మూడు దవడలూ మూడు గీతల మీదే కట్టర్ కాడని పట్టుకుంటాయి. కాడా గట్టి స్టీలే, దవడలూ గట్టివే, కాబట్టి పట్టు తక్కువ. పైగా మామూలు ఎండ్ మిల్ మెలిక చిప్స్‌ని (కోసిన తునకల్ని) పైకి ఎత్తుతూ, తనని తాను కిందికి లాక్కుంటుంది. జారడం మొదలైతే ఇక జారుతూనే ఉంటుంది. కొలెట్ (చీలికలున్న స్టీలు గొట్టం) అయితే కాడని చుట్టూ పట్టుకుంటుంది.

శనివారం కొలెట్ల కోసం, పనిముట్ల కొట్లుండే ఎస్పీ రోడ్డుకి పోయాను. నా మిల్లు స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) ఎంటీ3, అంటే మోర్స్ టేపర్ 3 సైజు వాలు రంధ్రం ఉన్నది. కొట్టు అతను ఈఆర్32 సైజు కొలెట్ల మొత్తం సెట్టు అంటగట్టబోయాడు. నా దగ్గరున్న కట్టర్లలో 12 మి.మీ.ని మించిన కాడ లేదు, 16 దాకా పట్టే ఈఆర్25 చాలు. హోల్డర్, దానికి 6, 8, 10, 12 కొలెట్లు విడిగా తీసుకున్నాను. 10 అని రాసి ఉన్నది 10 నుంచి 9 దాకా పట్టుకుంటుంది కానీ, రాసిన సైజుకే వాడితే పట్టు బాగుంటుంది. అంతకన్నా లావు కాడని మాత్రం అందులోకి దూర్చకండి.

ఇంటికొచ్చి లీవర్ డయల్ (సన్నటి తేడాలు చూపే ముల్లు గేజీ) పెట్టి, ముక్కుకి 30 మి.మీ. కింద రన్ అవుట్ (తిరిగేటప్పుడు పక్కకి ఊగే తేడా) చూశాను. పాత డ్రిల్ చక్ 0.14 మి.మీ. కొత్త కొలెట్ 0.06. ఇంత డబ్బు పోసి ఇదా అని మనసు చివుక్కుమంది. విప్పి చూస్తే స్పిండిల్ టేపర్‌లో గోరంత అల్యూమినియం చిప్ అతుక్కుని ఉంది. గుడ్డతో తుడిచి మళ్ళీ కట్టాను, 0.02. లెక్క ఎందుకంటే, నేను ఒక్కో పన్నుకి 0.03 మేత (ఒక పన్ను ఒకసారి కోసే మందం) ఇస్తున్నాను. 0.06 తేడా ఉంటే రెండు పళ్ళ కట్టర్‌లో పనంతా ఒక పన్నే చేస్తుంది, రెండోది ఊరికే తిరుగుతుంది.

ఇంకో పొరపాటు కూడా చేశాను. కొలెట్‌ని ముందు నట్టులోకి వంచి టక్కున కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే హోల్డర్‌లోకి. నేను కొలెట్ హోల్డర్‌లో పెట్టి పైన నట్టు తిప్పాను. అలా చేస్తే సరిగ్గా కూర్చోదు, విప్పేటప్పుడు బయటికీ రాదు. అరగంట తిట్టుకున్నాను.

ఇక రెండో బ్లాకు. అది వైస్ (ముక్కని రెండు దవడల మధ్య బిగించేది) పుణ్యం. కదిలే దవడ బిగిస్తుంటే కొద్దిగా పైకి లేస్తుంది, దాంతోపాటు జాబ్ (కోసే ముక్క) కూడా. 40 మి.మీ. పొడవులో 0.12 వంకర వచ్చింది. ఇప్పుడు చేస్తున్న పద్ధతి: బాగున్న ముఖాన్ని స్థిరంగా ఉండే దవడకి ఆనించి, కదిలే దవడకీ జాబ్‌కీ మధ్య 8 మి.మీ. గుండ్రటి కడ్డీ అడ్డంగా పెడతాను. కడ్డీ ఒక్క గీత మీదే నొక్కుతుంది కాబట్టి, ఎదుటి ముఖం వంకరగా ఉన్నా జాబ్ స్థిర దవడకే అంటుకుంటుంది. కోసిన ముఖాన్ని తర్వాతి విడతలో స్థిర దవడ వైపు తిప్పాలి. రెండు ముఖాలయ్యాక జాబ్ కింద పారలల్స్ (ఒకే ఎత్తున్న రెండు స్టీలు పట్టీలు), వాటికీ జాబ్‌కీ మధ్య రెండు టిష్యూ పేపరు ముక్కలు. బిగించి, ప్లాస్టిక్ సుత్తితో తట్టి, కాగితాలు లాగి చూస్తాను. ఒకటి ఊడి వచ్చిందంటే అటువైపు జాబ్ లేచిందన్నమాట. మూడో బ్లాకులో వంకర 0.02.

బోరు లేత్ మీద తీశాను. చతురస్రపు ముక్కని మూడు దవడల చక్ పట్టదు కదా, నాలుగు దవడలది వేసి డయల్‌తో మధ్యకి తెచ్చాను. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. ఎదురెదురు దవడల్నే ఒకదాన్ని వదిలి, ఇంకోదాన్ని బిగించాలని అర్థమయ్యాక పది.

నిన్న సిలిండర్‌ని స్టాండుకి కట్టి, నోటితో గాలి ఊదాను. సందులోంచి చిన్న బుస మాత్రం వినిపిస్తోంది. ఆ ముఖాన్ని గాజు పలక మీద 600 నంబర్ గరుకు కాగితంతో రుద్దాలి. ఫ్లైవీల్ (ఇంజన్ బరువు చక్రం) ఇంకా ముట్టుకోలేదు. సన్నటి అంచుని చక్‌లో గట్టిగా బిగించి తిప్పితే, వదిలాక మూడు మూలలవుతుందట. ముందు మధ్య రంధ్రం తీసి, దాన్ని ఒక మాండ్రెల్ (ఆ రంధ్రంలో దూరే కడ్డీ) మీద కట్టి అంచు తిప్పాలి. మాండ్రెల్‌కి సరిపోయే కడ్డీ కోసం మళ్ళీ ఎస్పీ రోడ్డు తప్పేట్టు లేదు.