27½ అంగుళాలు

“ఏదైనా రాయండి, రెండు పేజీలు చాలు” అని మన హాస్టల్ పాతవాళ్ల కలయిక సంచిక కమిటీ వాళ్లు అడిగారు. మెస్సు పప్పుచారు గురించీ గేటు దూకడం గురించీ మీలో సగంమంది ఎలాగూ రాస్తారు. నేను డిసెంబరు పని గురించి, ముఖ్యంగా క్రిస్మస్ నక్షత్రం కట్టడం గురించి రాస్తాను. గుంటూరు ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ మనకు నేర్పిన ఫిజిక్సు మార్కుల లిస్టులో ఉంది. కొలబద్ద మాస్టారు హాస్టల్ వరండాలో గొంతుక్కూర్చుని నేర్పింది మాత్రం ఎక్కడా రాసిలేదు.

ఆరడుగుల నక్షత్రానికి బద్దలు 10, పుల్లలు 5. పది బద్దలూ ఒకే బొంగులోంచి చీల్చినవై ఉండాలి. వేర్వేరు బొంగులవైతే ఒకటి ఎక్కువ వంగుతుంది, ఇంకోటి మొరాయిస్తుంది, చివరికి నక్షత్రం మెడ పట్టేసిన మనిషిలా ఒక పక్కకే చూస్తుంది. వెడల్పు ముప్పావు అంగుళం, మందం పావు అంగుళం. రాత్రంతా తడి గోనెసంచుల కింద ఉంచితే తెల్లారేసరికి చిట్లకుండా వంగుతాయి. తర్వాత ప్రతి బద్దకీ రెండు కొసల నుంచీ 27½ అంగుళాల దగ్గర సుద్దగీత. నడుమ 17 మిగలాలి. పొడుగు ఎంతైనా సరే 0.382తో హెచ్చించాలి, అదే మాస్టారి లెక్క. నాలుగడుగుల బద్దయితే 18⅓ దగ్గర గీస్తాం. కణుపు ఆ గీత మీదికి రాకూడదు, వస్తే కట్టు జారుతుంది. “ఇంత లెక్కెందుకు, కంటితో చూసి కట్టేస్తే పోలా?” అన్న వాళ్లకి ఆయన ఏమనేవారో మీకందరికీ తెలుసు, అచ్చులో పెట్టను.

అయిదు బద్దలు ముందు వైపుకి, అయిదు వెనక వైపుకి. ప్రతి బద్దా ఒక గీత దగ్గర పక్క బద్ద మీదుగా, రెండో గీత దగ్గర కిందుగా పోవాలి. అలా అల్లితే సగం బిగువు అల్లికలోనే వస్తుంది, పురికొస పని తగ్గుతుంది. రెండు వైపులనీ కొనల దగ్గర కలిపి కట్టేసి, లోపలి అయిదు మూలల్లో 14 అంగుళాల పుల్లలు దూర్చి ఎడం చెయ్యాలి. అప్పుడు పొట్ట వస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడి కాగితం అతికిస్తారు. తడి బద్ద ఆరాక సన్నబడుతుంది, కట్లన్నీ వదులవుతాయి, కాగితం చిరుగుతుంది. ఒక రోజు ఎండలో వదిలేసి, కట్లన్నీ మళ్లీ బిగించాకే కాగితం.

కాగితం అంటే గాలిపటాల కాగితమే. ముందు కొనలు 5, వెనక కొనలు 5, పక్క సందులు 10, నడిమి పంచభుజాలు 2. వెనక పంచభుజాన్ని ఒక్క అంచునే అతికిస్తాం, బల్బు మార్చడానికి అదే తలుపు. గ్లాసు మైదాకి ఆరు గ్లాసుల నీళ్లు. చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపాకే పొయ్యి మీద పెట్టాలి, చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి. లేకపోతే బొద్దింకలకి పండగ మనకంటే ముందే వస్తుంది. వేడి మీద పూస్తే రంగు కారుతుంది. అతికించి ఆరాక నోటితో నీళ్లు సన్నగా చిమ్మాలి. కాగితం ముందు వేలాడిపోయి భయపెడుతుంది, ఆరేకొద్దీ బిగిసి డప్పు మోత మోగుతుంది. అది మిట్టమధ్యాహ్నం చేసే పని. సాయంత్రం చేస్తే గుంటూరు మంచు ఆరనివ్వదు.

బల్బు 40 వాట్లు, అంతకు మించొద్దు. బల్బుకీ కాగితానికీ మధ్య అయిదంగుళాల ఖాళీ, వేడి పోవడానికి పైకొన దగ్గర నాలుగు కన్నాలు. వంద వాట్లు పెడితే ఇంకా బాగుంటుందని రెండో బ్లాకు వాళ్లు వాదించారు, ఫలితం చూశారు. మేడ మీదికి గిలకతో లాగాక కింది రెండు కొనలకీ తాళ్లు కట్టి చెరో పక్కకి దిగలాగాలి, లేకపోతే తూర్పుగాలికి గిర్రున తిరిగి వైరు తెంపుకుంటుంది. ఉద్యోగమంతా ఎలక్ట్రిసిటీ బోర్డులో స్తంభాలకు స్టే వైర్లు కట్టించి డీఈగా (డివిజనల్ ఇంజనీరుగా) దిగిపోయినవాణ్ణి. ఆ తాళ్ల కోణంలో తప్పు పట్టడానికి నాకిప్పటికీ ఏమీ దొరకలేదు. నుదుట విభూతి చెరగకుండా నిచ్చెనెక్కే కొలబద్ద మాస్టారు, నక్షత్రం లేపేముందు కొబ్బరికాయ కొట్టనివ్వడం లేదని వార్డెన్ అయ్యగారి మీద ఏటా అలిగేవారు. అయ్యగారు ఏటా టీ తెప్పించేవారు. అదొక ఒప్పందం.

77లో నక్షత్రం లేదు. నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత ఆ డిసెంబరు ఎలా గడిచిందో బట్టల మూటలు కట్టినవాళ్లకి తెలుసు.

క్యారల్స్ సంగతి త్వరగా ముగిస్తాను, దాని మీద మన ‘నాలుగో మాట’ గాడు (ఆ పేరెలా వచ్చిందో కింద చెబుతాను) రాస్తున్నాడని విన్నాను. ఇంటికి మూడు పాటలు. మొదట కీర్తన, తర్వాత చప్పట్ల పాట, వెళ్తూ వెళ్తూ ఒకటి. కీర్తనల పుస్తకంలో పాట నెత్తినే రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. చూసేవాళ్లు తక్కువ, అందుకే బ్రాడీపేటలో మొదలుపెట్టిన రాగం అరండల్‌పేట చేరేసరికి ఇంకోటయ్యేది. మగపిల్లలకి ఒకటిన్నర శ్రుతి హాయి, ఆడపిల్లలకి అయిదు. అందరూ కలిసి పాడాలంటే ఎవరో ఒకరు ఇబ్బంది పడక తప్పదు, ఆ ఇబ్బంది మగవాళ్లకే పెట్టాలి, ఎందుకంటే వాళ్లు ఎలాగూ అరుస్తారు. పదకొండు దాటాక గొంతులు అలిసిపోతాయి, అర మెట్టు దించితే మళ్లీ నిలబడతాయి. మంచుకి కర్ర ఉబ్బి హార్మోనియం మెట్టు నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుంది, అందుకని ఇంటికీ ఇంటికీ మధ్య దుప్పటి కప్పి మోయాలి. పెట్రోమాక్స్ మోసేవాడు పాడకూడదు. పాడితే ఊగుతాడు, ఊగితే మాంటిల్ రాలిపోతుంది. విడి మాంటిల్ రెండు జేబులో ఉండాలి, స్పిరిట్ సీసా ఇంకొకడి జేబులో.

కుగ్లర్ ఆసుపత్రిలో మాత్రం డోలక్ బయటే. వార్డు గుమ్మంలోనే నిలబడి, గొంతు సగానికి తగ్గించి, ఒక్కటే కీర్తన. పురుళ్ల వార్డు దగ్గర అదీ లేదు, నర్సులు బయటికొచ్చి విని వెళ్లేవారు. క్యారల్స్‌లో వచ్చిన డబ్బా డబ్బుల లెక్క మర్నాడు పొద్దున్నే నోటీసు బోర్డు మీద ఉండాలి, సాయంత్రం దాకా ఆగితే గుసగుసలు మొదలవుతాయి. ఈ నియమం పెట్టిన సీనియర్ ఇప్పుడు పెద్ద ఆడిటర్ అంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

సెమీ క్రిస్మస్ అని ఎందుకొచ్చిందో మన పిల్లలు అడుగుతుంటారు. సెలవులిస్తే ఎవరి పల్లె గుడి వాళ్లది. 24 రాత్రికి సత్తెనపల్లి వాడు సత్తెనపల్లిలో, రేపల్లె వాడు రేపల్లెలో ఉండాలి. ఊళ్లో పాస్టరు అయ్యగారు వాళ్ల కోసం నాటకంలో వేషం ఆపి ఉంచుతారు. కాబట్టి డిసెంబరు 25 మన హాస్టల్లో ఎప్పుడూ రాలేదు. పండగంతా సెలవులకు ముందే కానిచ్చి, ఆ రోజుకి వాచ్‌మన్‌కీ నక్షత్రానికీ కాలేజీ అప్పజెప్పి పోయేవాళ్లం.

మన క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు కిరీటం తెనాలి నుంచి అద్దెకొచ్చిన దుర్యోధనుడిదే. వేసినవాడి డైలాగూ అదే. జ్ఞానుల్ని పంపించేటప్పుడు పద్యం ఎత్తుకున్నాడు, హాలంతా ‘వన్స్‌మోర్’ అంది, జ్ఞానులు వెనక్కొచ్చి మళ్లీ నిలబడ్డారు. అంతే, ఎక్కువ చెప్పను, ఆ హేరోదు ఇప్పుడు బిషప్పుగారి సలహా సంఘంలో ఉన్నాడు.

పండగ పిండివంట గులాబీ పువ్వుల కొలత చాలామంది ఆడపిల్లలు ఇళ్లకి రాసుకెళ్లారు, నా దగ్గరున్నది ఇది. మైదా కిలో, బియ్యప్పిండి పావుకిలో, పంచదార పొడి 400 గ్రాములు, గుడ్లు 6, రెండు కాయల కొబ్బరిపాలు. పంచదార ఎక్కువైతే పువ్వు ఉడక్కముందే మాడుతుంది. గుత్తిని నూనెలోనే కాగనిచ్చి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పై అంచు మునిగిందా, పువ్వు ఊడదు, గుత్తిని గీరుకోవాల్సిందే. కొత్త గుత్తిని రాత్రి నూనెలో నానబెట్టాలని వంటమామ చెబితే వినకుండా మొదటి వాయి మొత్తం పారబోసిన జనం మనం.

కొవ్వొత్తుల ఆరాధనకి ఒక్కటే సూత్రం. వెలిగినది నిటారుగా ఉండాలి, వెలగనిదే వంగాలి. తిరగేస్తే ముందు వరస వాళ్ల చేతుల మీద మైనం. అట్టముక్క గుండ్రంగా కత్తిరించి కింద దూర్చితే చాలు, పాత రికార్డు బుక్కుల అట్టలు అందుకు బ్రహ్మాండంగా పనికొస్తాయి.

దీపాలార్పాక మాటలు మొదలయ్యేవి. మూడో బ్లాకులో లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు, బాపట్ల ముక్తిఫౌజు (సాల్వేషన్ ఆర్మీ) వాడు ఒక్కడు. బాప్తిస్మం అంటే నీళ్లు చిలకరింపా, ముంచుడా? “1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది” అని ఒంగోలు వాడు అనేవాడు. “మా మిషనరీ హేయర్ అయ్యగారు గుంటూరులో దిగింది 1842” అని మన లూథరన్లు. అసలు బాప్తిస్మమూ ప్రభువు బల్లా (రొట్టె, ద్రాక్షరసం) రెండూ లేని ముక్తిఫౌజు వాడు దుప్పటి ముసుగేసుకుని నవ్వేవాడు. వాదన గెలిచినవాళ్లెవరూ లేరు. కానీ వేదాంతంలో నాకు తెలిసిందేదైనా ఉంటే అందులో సగం ఆ చీకట్లో వచ్చిందే. రెండో సగం ఈయూ (ఇవాంజెలికల్ యూనియన్) వాళ్ల తెల్లవారుజాము ప్రార్థనలో రావలసింది, అప్పటికి మనలో ఎక్కువమంది నిద్రలో ఉండేవాళ్లం.

జనవరి, ఫిబ్రవరి నాకు గుర్తులేవు. తర్వాత గుర్తున్నది శ్రమల కాలమే, అంటే ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజులు. యూనివర్సిటీ పరీక్షలూ ఉపవాసాలూ ఒకేసారి వచ్చేవి. మధ్యాహ్నం భోజనం మానేసిన వాళ్ల పేర్లు ముందురోజు రాత్రే మెస్సులో ఇవ్వాలి, అప్పుడే బియ్యం మిగిలి కానుక లెక్కకొస్తుంది. పొద్దున్న చెబితే అన్నం వండేసి ఉంటారు, ఉపవాసం ఉపవాసమే, కానుక మాత్రం సున్నా. శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు, మాటకొకరు. పాటతో కలిపి మాటకి 25 నిమిషాలు. నాలుగోవాడు తన మాట మీద 50 తీసుకున్నాడు, మిగతా ముగ్గురూ ఉరుకులు పరుగుల మీద ముగించారు. వాడి పేరు అప్పటి నుంచీ అదే.

ఈస్టరుకి ముందు సమాధులకి సున్నం కొట్టేది మనమే. రాళ్ల సున్నం నీళ్లలో వేసేటప్పుడు మొహం పక్కకి పెట్టాలి, కుతకుత ఉడికి చిందుతుంది. రాత్రంతా నాననిచ్చి, గోనెగుడ్డలో వడగట్టి, జిగురు, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు. పల్చగా రెండు పూతలు వెయ్యాలి, ఒక్కటే చిక్కగా వేస్తే ఎండకి పెచ్చులూడుతుంది. సమాధి రాయిని ముందుగా తడపాలి, లేకపోతే రాయి నీళ్లన్నీ పీల్చేసుకుని సున్నం పొడిగా రాలిపోతుంది. తెల్లారి అయిదుకి ఆరాధనకొచ్చే వాళ్ల తెల్లచీరలు ఆ రాళ్లని ఆనుకుంటాయి కాబట్టి జిగురు తక్కువ కాకూడదని వార్డెన్ అయ్యగారి తాకీదు.

ఇక ఈ డిసెంబరు కలయికకి ప్లాస్టిక్ నక్షత్రం, రెడీమేడ్‌ది, కొంటున్నామని కమిటీ గ్రూపులో పెట్టారు. నా అభ్యంతరం రాతపూర్వకంగా ఇస్తున్నాను. బొంగు ఒకటి చాలు, మూడంగుళాల లావుది, లేతది కాకుండా చూడండి. పురికొస రెండు ఉండలు, గాలిపటాల కాగితం ఎర్రది, పసుపుది. బల్బు ఎల్‌ఈడీ 9 వాట్లు పెట్టుకుందాం, వేడి గొడవ తగ్గుతుంది గానీ కన్నాలు మాత్రం ఉంచుదాం, మంచు చెమ్మ పోవాలి. బద్దలు చీల్చడానికి మేదరి మనిషితో మాట్లాడాను. గోనెసంచులు నేను తెస్తాను. కలయికకి మూడు రోజుల ముందు చేరుకోగలిగిన వాళ్లు పేర్లివ్వండి, నిచ్చెనెక్కడానికి మోకాళ్లు బాగున్నవాళ్లు ఇద్దరు కావాలి.