వద్దనేశాను గానీ

నిద్ర రావడం లేదు. కంప్యూటర్‌లో ఆట బాగా ఆడి వచ్చిన మెలకువైతే ఏ గొడవా లేదు, ఇది చిరాకు వల్ల వచ్చింది. చంటిది పడుకున్నాక నాకంటూ మిగిలేది ఒక్క గంట. అందులో సగానికి పైగా "షేడర్లు సిద్ధమవుతున్నాయి" అనే గీత ముందు కూర్చోవడానికే సరిపోయింది. గ్రాఫిక్స్ చిప్పుని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, అప్‌డేట్ అయిందట. అయితే ఏంటి? నిన్న ఆడిన ఆటే, నిన్నటి మెషీనే. అయినా అంతా మళ్ళీ తయారు చేసుకోవాలట. ఆ గీత మొదట్లో గబగబా వచ్చి, సగం దగ్గర కూలబడుతుంది. తర్వాత కదులుతోందో లేదో తెలియదు. ఫ్యాన్లు మాత్రం హోరుమని తిరుగుతుంటాయి. ఆ చప్పుడుకి పిల్ల ఎక్కడ లేస్తుందోనని నాకు టెన్షన్.

సరిగ్గా అప్పుడే తమ్ముడి మెసేజ్. వాడు ఆడేది కన్సోల్‌లో, అంటే టీవీకి తగిలించే ఆటల పెట్టెలో. నేను దాన్ని వదిలి కంప్యూటర్‌కి వచ్చాను. "అక్కా, నేను కూడా కన్సోల్ అమ్మేసి కంప్యూటర్‌కి మారిపోనా?" అని. "వద్దురా" అని కొట్టి పంపించేశాను. రెండో మాట రాయలేదు. వాడు "సరే అక్కా" అన్నాడు. మీకు తెలుసుగా వాడి సంగతి, నేను వద్దన్నానంటే ఇక ఆ విషయం ఎత్తడు. అదే నన్ను పడుకోనివ్వడం లేదు.

కారణాలు లేక వద్దనలేదు. అవేంటో ఇక్కడ రాసుకుంటాను.

షేడర్లంటే వెలుగు ఎలా పడాలి, నీళ్ళు ఎలా మెరవాలి, పొగ ఎలా లేవాలి అని గ్రాఫిక్స్ చిప్పుకి చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఒక కన్సోల్ ఎన్ని లక్షల ఇళ్ళల్లో ఉన్నా లోపల అదే రకం చిప్పు. కాబట్టి ఆట తయారుచేసినవాళ్ళే వాటిని ఆ చిప్పుకి అర్థమయ్యే రూపంలోకి మార్చి పంపేస్తారు. మనం బటన్ నొక్కితే చాలు. కంప్యూటర్‌కి అలా కుదరదు. ఒకరింట్లో ఎన్‌విడియా చిప్పు, ఒకరింట్లో ఏఎండీ, ఇంకొకరింట్లో ఇంటెల్, వాటిల్లో మళ్ళీ తరాలు, ఆపైన డ్రైవర్ వెర్షన్లు. ఎవరి కొలతలేంటో తెలియదు కాబట్టి గుడ్డ మాత్రం పంపించి, కుట్టుపని మన ఇంట్లోనే పెట్టిస్తారు. డ్రైవర్ మారితే పాత కుట్లు పనికిరావు. మళ్ళీ మొదలు.

అసలు ఆ గీత చూపించే ఆటలే నయం. చూపించనివి ఇంకా ఘోరం. అవి ఆడుతుండగానే, ఎప్పటికప్పుడు తయారుచేసుకుంటాయి. సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆలోపు కొత్త షేడర్ సిద్ధం కాకపోతే బొమ్మ ఆగిపోతుంది. ఎప్పుడాగుతుంది? మొదటిసారి వంతెన పేలినప్పుడు. మొదటిసారి ఆ డ్రాగన్ నోరు తెరిచి నిప్పులు కక్కినప్పుడు. కళ్ళప్పగించి చూస్తున్న క్షణంలోనే టక్కున ఆగి, ఒక కుదుపు కుదిపి వదిలేస్తుంది. రెండోసారి అదే మంట సాఫీగా వస్తుంది, నిజమే. కానీ నాకు కావాల్సింది ఆ మొదటిసారి కదా.

ఖరీదైన కార్డు పెడితే ఇదంతా పోతుందని చెప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. పోదు. షేడర్లని కంపైల్ చేసే, అంటే చిప్పుకి అర్థమయ్యే రూపంలోకి మార్చే పని గ్రాఫిక్స్ కార్డుది కాదు, ప్రాసెసర్‌ది. ప్రాసెసర్ మంచిదైతే ఆ గీత త్వరగా నిండుతుంది, కుదుపులు తగ్గుతాయి, అంతే తప్ప పూర్తిగా మాయం కావు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే, చేత్తో పట్టుకుని ఆడే చిన్న కంప్యూటర్‌లో ఈ బాధ చాలా తక్కువ. ఎందుకంటే అన్ని డెక్కుల్లోనూ దాదాపు ఒకే చిప్పు, కాబట్టి చాలా ఆటలకి తయారైపోయిన షేడర్లే డౌన్‌లోడ్ అవుతాయి. అంటే కంప్యూటర్ ఎంతగా కన్సోల్‌లా ఉంటే అంత ప్రశాంతం. ఈ ఒక్క ముక్క తమ్ముడికి రాసినా బాగుండేది.

ఇక ఆ మూల కనబడే అంకె గోల. ఫ్రేములు ఎన్ని వస్తున్నాయో చూపించే అంకె. మా ఆయన నా వెనకాల కుర్చీలో కూర్చుని ఆట చూడరు, ఆ అంకె చూస్తారు. నేనేమో ఒక అడవిలో, వానలో, వేటగాడి వెనక నక్కి నక్కి వెళ్తుంటాను. "87కి పడింది" అంటారు. పడితే పడనీండి! సెకనుకి 30 నుంచి 60కి వెళ్ళినప్పుడు ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్ల నుంచి 16.7కి తగ్గుతుంది. ఆ తేడా ఎవరికైనా కళ్ళకి కొట్టినట్టు తెలుస్తుంది, కన్సోల్ నుంచి రాగానే నాకూ తెలిసింది. 60 నుంచి 120కి వెళ్తే తగ్గేది 8.3 మాత్రమే. 120 నుంచి 240కి అయితే నాలుగు చిల్లర. పోటీల్లో కాల్పుల ఆటలు ఆడేవాళ్ళకి అది కూడా కావాలి, కాదనను. కథ కోసం ఆడే నాలాంటివాళ్ళు దాని వెంటపడి నీడలు తగ్గించాలా, గడ్డి తగ్గించాలా అని మెనూలో కూర్చుంటే, ఉన్న గంట కాస్తా అక్కడే హరించుకుపోతుంది. ఆ అంకెని నేను తీసేశాను. ఆయన మళ్ళీ పెట్టారు. ఇవాళ మళ్ళీ తీసేశాను.

మంచి ఏమీ లేదా అంటే, ఉంది. కన్సోల్‌లో ఫస్ట్ పర్సన్ ఆటలు, అంటే పాత్ర కళ్ళలోంచే చూస్తూ ఆడేవి, నాకు పడేవి కావు. పావుగంటకే తల తిరిగి కడుపులో తిప్పేది. నా ఒంటి తత్వమే అంత అనుకుని వదిలేశాను. ఇక్కడికొచ్చాక సెట్టింగుల్లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ అని ఒక స్లయిడర్ కనబడింది. సోఫాలో దూరంగా కూర్చుని చూసే టీవీ కోసం చాలా ఆటల్లో ఆ చూపు కోణాన్ని ఇరుకుగా పెడతారట. దాన్ని 95 డిగ్రీలకి జరిపి, నడిచేటప్పుడు కెమెరా ఊగడాన్ని కూడా ఆపేశాను. కళ్ళ పక్కనున్న గోడలు రెండూ వెనక్కి జరిగినట్టనిపించింది. తల తిరగలేదు. ఇన్నాళ్ళూ నావి కావనుకున్న ఆటలన్నీ నావయ్యాయి. కొత్త కన్సోళ్ళలో కొన్ని ఆటలు ఈ స్లయిడర్ ఇస్తున్నాయి గానీ, చాలావాటిలో ఇప్పటికీ ఉండదు.

ఇంత రాశాక కూడా నాలోని చిరాకు పోలేదు, చూశారా. ఎందుకంటే అసలు బాధ ఇంకోటి ఉంది. కన్సోల్‌లో ముప్పాతిక వంతు పూర్తిచేసిన ఆటని ఇక్కడ మళ్ళీ కొని, మళ్ళీ మొదటి నుంచి ఆడుతున్నాను. సేవ్, అంటే ఆపిన చోటుని దాచుకున్న ఫైలు, ఇక్కడికి రాదు. అదే కంపెనీ ఆట, అదే ఈమెయిల్‌తో అకౌంట్, అయినా రాదు. సపోర్ట్ వాళ్ళకి రాస్తే కుదరదని మర్యాదగా చెప్పారు. చేయాలనుకుంటే చేయగలరు. విచర్ 3 అనే ఆటకి 2022 డిసెంబర్ అప్‌డేట్‌లో ఆ సౌకర్యం వచ్చింది, కన్సోల్‌లో ఆపిన చోటు నుంచి కంప్యూటర్‌లో అందుకోవచ్చు. అదేమో 2015 నాటి ఆట. ఏడేళ్ళ తర్వాత కూడా వాళ్ళకి చేయాలనిపించింది.

సేవ్ అంటే నాకింత పట్టింపు ఎందుకో తమ్ముడికి తెలుసు. మావయ్య పీఎస్2, అంటే ప్లేస్టేషన్ 2 కన్సోల్, తెచ్చినప్పుడు దాంతో ఆట సేవ్ చేసుకునే మెమరీ కార్డు లేదు. అది విడిగా కొనాలని మాకెవరికీ తెలియదు. రోజూ మొదటి నుంచి ఆడేవాళ్ళం. అదే గుహ, అవే మెట్లు, అదే మొదటి దొంగ. ఒకరోజు సెలవుల్లో ఎప్పుడూ చేరనంత దూరం చేరాం. ఒక కోట గేటు, దాని ముందు మంచు. అమ్మ పడుకోమంది. ఆపితే అంతా పోతుంది. అప్పుడు తమ్ముడే అన్నాడు, "టీవీ ఒక్కటే ఆపుదాం అక్కా, దీన్ని ఆపొద్దు" అని. పచ్చలైటు కనబడకుండా దాని మీద వాడి చేతిరుమాలు మడతపెట్టి వేశాం. చీకట్లో చిన్న ఫ్యాను సన్నగా గుయ్యిమంటూనే ఉంది. నాన్నగారు మంచినీళ్ళకి లేచినప్పుడు వాడు ఆ చప్పుడు వినబడకుండా దగ్గాడు, నిద్రలో దగ్గినట్టు. కాసేపటికి మంచం మీంచి చెయ్యి చాపి, వెనకాల వేడిగాలి వస్తోందో లేదో చూసి, "ఉంది" అనేవాడు. మళ్ళీ కాసేపటికి "ఉంది". తెల్లారి టీవీ పెట్టగానే మా మనిషి గేటు ముందే నిలబడి ఉన్నాడు, భుజాలు ఆడిస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు. ఇద్దరం అరిచాం.

తర్వాత మెమరీ కార్డు వచ్చింది. 8 మెగాబైట్లు. కొన్ని ఆటలు ఒక్కో సేవ్‌కి ఒక మెగాబైట్ దాకా తీసుకునేవి. అది నిండగానే ఎవరిది చెరపాలని యుద్ధం. ఒకసారి నా కొత్త ఆటకి చోటు లేదు. నేను అలిగి పడుకున్నాను. మర్నాడు చూస్తే చోటుంది. ఎలా వచ్చిందని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. రెండ్రోజులు పోయాక వాడు రేసింగ్ ఆటలో మొదటి రేసు, ఆ మొదటి డొక్కు కారుతో ఆడుతుంటే అర్థమైంది. "మళ్ళీ సంపాదిస్తాలే" అన్నాడు స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

ఇది రాస్తూనే లేచి వెళ్ళి కంప్యూటర్‌లో సేవ్ ఫోల్డర్ తెరిచి చూశాను. చాలా ఆటలకి అవి మామూలు ఫైళ్ళే, డాక్యుమెంట్స్‌లోనో యాప్‌డేటాలోనో ఉంటాయి. కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, కొత్త మెషీన్ కొంటే అందులో పెట్టుకోవచ్చు. పదేళ్ళ తర్వాత కూడా ఆ గేటు ముందే నిలబడొచ్చు. పీఎస్5 ఆటల సేవ్‌నైతే అలా విడిగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకునే వీలు లేదు. క్లౌడ్‌లో దాచుకోవాలంటే డబ్బు కట్టే సభ్యత్వం ఉండాలి. పీఎస్3 డిస్కులు పీఎస్4లో ఆడలేదు, పీఎస్5లోనూ ఆడవు. ఇక్కడ మాత్రం ఇరవై ఏళ్ళ నాటి ఆటలు కొన్ని కాస్త తంటాలు పడితే ఇప్పటికీ నడుస్తున్నాయి. మా ఇద్దరికీ చిన్నప్పుడు కావాల్సింది ఇదే కదా. మరి వాడికి వద్దని ఎందుకన్నాను? ఒక్క రాత్రి గీత కదలకపోతే, ఇన్నేళ్ళు నిలిచేదాన్ని వాడికి లేకుండా చేయడం ఏం న్యాయం?

సరే, మారమని రాద్దామని ఫోన్ తీశాను. మళ్ళీ ఆగాను. వాడి డిస్కులు గుర్తొచ్చాయి. వాడు ఫ్రెండ్స్ మధ్య డిస్కులు మార్చుకుంటూ ఆడతాడు. ఒకటి కొంటే నలుగురు ఆడతారు. కంప్యూటర్‌లో ఆ ముచ్చట లేదు. ఇక్కడ మనం కొనేది లైసెన్స్ మాత్రమే. 2024 అక్టోబర్ నుంచి ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ ఆ మాట కార్టు దగ్గరే రాసి చూపిస్తోంది. గాగ్ అనే ఇంకో దుకాణంలో కొంటే ఇన్‌స్టాలర్ మన దగ్గర దాచుకోవచ్చు గానీ, పెద్ద ఆటలన్నీ అక్కడికి రావు. స్టీమ్‌లో కుటుంబానికని పంచుకునే ఏర్పాటు ఉంది, అది ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ కోసం. వాడు ఉండేది ఈ ఇంట్లో కాదు. నా లైబ్రరీలో ఇన్ని ఆటలుండి కూడా ఒక్కటి తీసి వాడి చేతిలో పెట్టలేను. ఇది నాకు షేడర్ల కన్నా పెద్ద లోటు.

కాకపోతే ఈ డిస్కుల వైభోగం ఎన్నాళ్ళులే. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎస్5 ప్రోలో డిస్క్ డ్రైవే లేదు, కావాలంటే విడిగా కొని తగిలించుకోవాలి. "ఆ ఆట కన్సోల్‌లోనే ఉంది" అనే మాటకీ బలం తగ్గుతోంది. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 2022 జనవరిలో కంప్యూటర్‌కి వచ్చింది. కొంచెం ఓపిక పడితే చాలావరకు వస్తున్నాయి. బ్లడ్‌బోర్న్ మాత్రం 2015 నుంచీ రాలేదు, వాడికి ప్రాణమైన ఆట అదే. దానికోసమైనా కన్సోల్‌ని అమ్మొద్దనాలి.

ఇప్పుడు రాసేది ఖాయం. డిస్కులు ఇంకా నలుగురి మధ్య తిరుగుతుంటే ఉన్నచోటే ఉండమంటాను. అందరూ ఎవరిది వాళ్ళు డౌన్‌లోడ్ చేసుకుంటుంటే మారమంటాను, కన్సోల్ అమ్మకుండానే. కొనేటప్పుడు డబ్బంతా కార్డు మీద పోయకుండా ప్రాసెసర్‌కీ, ఆటల్ని దాచే వేగమైన ఎస్ఎస్‌డీకీ కొంత ఉంచమంటాను. హై రిఫ్రెష్ మానిటర్, అంటే సెకనుకి 60 కన్నా ఎక్కువ ఫ్రేములు చూపగలది, తీసుకున్నా విండోస్‌లో చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది, వాడు చూసుకోడు. సెటప్ చేసిపెట్టడానికి నేనే వెళ్తాను, చంటిదాన్ని ఒక పూట ఆయన చూసుకుంటారు.